తరగతి గదిలో అందరూ వదినలే

హిందూపురం డిపోలో కండక్టరుగా చేరినప్పటి నుంచి రోజుకు ఎన్నిసార్లు "ముందుకు జరగండి" అని అరిచి ఉంటానో నాకే తెలియదు. జరిగినవాళ్ళు మాత్రం లేరు. బస్సు ఎక్కిన ప్రతివాడూ మొదటి మెట్టు మీదే ఇల్లు కట్టుకోవాలని చూస్తాడు. ఈ బాధ లోకంలో నా ఒక్కడిదే అనుకునేవాణ్ణి. రెండువేల ఎనిమిదిలో ఒక ఆదివారం మా ఆవిడ ఎస్తేరమ్మ గొంతు బొంగురుపోయి ఇంటికి వచ్చి, మంచం మీద కూలబడి, "ముందు బెంచీలకు రండి అని అరిచి అరిచి నాకు సాలయిపోయ. ఒక్కరన్నా జరగల్యా" అంది. ఆ రోజు మా ఇద్దరి మనసులూ బాగా కలిశాయి.

ఎస్తేరమ్మది పెనుకొండే. కొండ కింద, చర్చి వెనక వీధిలో పుట్టింది. వాళ్ళ నాయన రోడ్డు పనుల్లో కంకర కొట్టేవాడు. ఆమె టీచరు ట్రైనింగు చేసి, డీఎస్సీ రాసి, తప్పి, మళ్ళీ రాసి, తొంభైల నడుమ ఉద్యోగం తెచ్చుకుంది. మూడో తరగతి పిల్లలకు చెప్పీ చెప్పీ ఆమెకు లోకమంతా మూడో తరగతిలాగే కనిపిస్తుంది. కూరగాయల బండివాడు తప్పు తూకం వేస్తే "ఏం, మళ్ళా చేస్తావా?" అని అడుగుతుంది. మా ఇంట్లో నాది కూడా మూడో తరగతే. ఇన్నేళ్ళయినా నన్ను నాలుగుకు పంపలేదు. ఆమెకు కోపం ఎంత తొందరగా వస్తుందో అంత తొందరగా పోతుంది, నాకు మాత్రం వచ్చిన కోపం తొందరగా పోదు. అందుకే మా కాపురం బాగా జరుగుతోంది, పోట్లాటకు ఎవరో ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు.

ఆమె మొదటి పోస్టింగు కనగానపల్లి అవతల ఒక పల్లె. ఆ పల్లెలో అందరికీ అందరూ ఏదో ఒక వరస. ఒకరు అత్త, ఒకరు పెద్దమ్మ, ఒకరు బావ. ఊరికి కొత్తగా వచ్చిన పోస్టుమాన్‌ను కూడా నెల తిరిగేలోగా ఎవరో ఒకరు "మామా" అనేశారు. మా ఆవిడకు మాత్రం ఏ వరసా దొరకలేదు. టీచరమ్మ అన్నారు, మేడం అన్నారు. దాహం అంటే చెంబు పైకెత్తి దోసిట్లో పోసేవాళ్ళు. మర్యాదకేం తక్కువ చేయలేదు, మనిషిని మాత్రం దగ్గరికి రానివ్వలేదు. ఈ సంగతి ఎస్తేరు నాతో ఒక్కసారే చెప్పింది, మళ్ళీ ఎత్తలేదు. నాకు ఆ రోజు వచ్చిన కోపం ఇప్పటికీ అలాగే ఉంది.

తర్వాత బదిలీ మీద పెనుకొండ దగ్గరికే వచ్చింది. చదువు నడుమలో ఆగిపోయిన పెద్దవాళ్ళు పదో తరగతి కట్టుకోవడానికి ఓపెన్ స్కూలు అని పెట్టారు కదా, దాని ఆదివారం క్లాసులు ఊళ్ళో ఒక బడిలో మొదలయ్యాయి. లెక్కలు చెప్పడానికి ఈమెను పిలిచారు. ఆదివారం అంటే మాకు ఆరాధన. ఎస్తేరు పాస్టరు గారి దగ్గరికి పోయి, పొద్దున్నే మొదటి ఆరాధనకు వస్తానని, మిగతా రోజంతా తన విద్యార్థులు లెక్కల్లో పాసవ్వాలని ఆయన్నే ప్రార్థన చేయమని పని అప్పగించి వచ్చింది. పాస్టరు గారు కూడా ఆమెకు మూడో తరగతే.

మొదటి ఆదివారం వచ్చినవాళ్ళను ఆరో తరగతి గదిలో కూచోబెట్టారు. బెంచీలు పిల్లలవి. తిమ్మరాజని ఒకాయన, ఏదో ఆఫీసులో అటెండరు, యాభై దాటాయి, ప్రమోషను కోసం చదువుతున్నాడు. ఆయన మోకాళ్ళు బెంచీ కింద పట్టక గడ్డం దాకా వచ్చాయి. గాజుల అంగడి బషీరా తన కూతురు ఎనిమిదికి వచ్చిందని, దానికంటే ముందు తాను పది పాసవ్వాలని పంతం పట్టి చేరింది. అందరూ పోయి వెనక బెంచీల్లో ఒకరి మీద ఒకరు పడి కూచున్నారు, ముందు బెంచీలు ఖాళీ. బస్సులో ముందు సీటు కోసం కొట్టుకునే జనమే వీళ్ళు. ముందు సీటుకు గాలి వస్తుంది, ముందు బెంచీకి ప్రశ్న వస్తుంది, అంతే తేడా అని నేను మా ఆవిడకు వివరించాను. ఆమె నా వివరణ వినలేదు.

మాటలు ఆపించడానికి అలవాటు కొద్దీ ఆమె "చేతులు కట్టుకోండి, నోటి మీద వేలు" అనేసిందట. తల ఎత్తి చూస్తే, తెల్ల మీసాల తిమ్మరాజు చేతులు కట్టుకుని, చూపుడువేలు మీసం మీద పెట్టుకుని బిక్కచచ్చి కూచున్నాడు. ఎవరూ నవ్వలేదు, ఎందుకంటే అందరి వేళ్ళూ అక్కడే ఉన్నాయి. ఆ రాత్రి అన్నం తింటూ ఎస్తేరు ఈ సంగతి చెప్పి నవ్వింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. వాళ్ళు అంత భయపడతారని ఆమె అనుకోలేదు. మరుసటి వారం నుంచి అందరినీ "అండి" అని పిలవసాగింది. వాళ్ళ భయం ఇంకొంచెం పెరిగింది.

ఇక సుంకమ్మ సంగతికి వస్తాను. హిందూపురం నుంచి పెనుకొండకు వచ్చే దారిలో సోమందేపల్లి దాటాక ఒక స్టేజీ ఉంది. ఊరి పేరు చెప్పను, చెబితే రేపు నా బస్సు ఆపి నిలదీస్తారు. ఆ ఊరి అంగన్‌వాడీలో సుంకమ్మ ఆయా. గంజి కాచేది ఆమె, పిల్లల ముక్కులు తుడిచేది ఆమె, టీచరు రాని రోజు పాటలు పాడించేది కూడా ఆమె. ఆ టీచరు భర్తకు ధర్మవరం బదిలీ అయ్యేలా ఉంది. ఆమె పోతే ఆ పోస్టు ఖాళీ. పది పాసయిన ఆయా ఉంటే ముందు ఆమెకే ఇస్తారు. సుంకమ్మ వయసుకు మళ్ళీ ఇంకో అవకాశం రాదు. ఆ కుర్చీలో కూచోవాలి, అదీ ఆమె కోరిక. కుర్చీ కూడా గొప్పదేమీ కాదు, ఒక కాలు ఇటుక మీద ఆనించి ఉంటుంది.

ఆడమనిషి ప్రతి ఆదివారం ఒక్కతే టౌనుకు పోతే ఊళ్ళో ఊరుకోరు. అందుకని సుంకమ్మ తోడు కోసం కోడలు ఆదిలక్ష్మి చేత కూడా పేరు రాయించింది. ఆదిలక్ష్మిది చెన్నేకొత్తపల్లి వైపు, తొమ్మిదిలో ఉండగా పెళ్ళి కుదిరి బడి మానేసింది. మొగుడు శ్రీనివాసులు ధర్మవరంలో మగ్గం నేస్తాడు, సెలవు దొరికినప్పుడు ఇంటికి వస్తాడు. అత్తాకోడళ్ళు ఆదివారం నా బస్సే ఎక్కేవాళ్ళు. అత్త కిటికీ పక్కన కూచునేది. పక్క సీటు ఖాళీగా ఉన్నా కోడలు నిలబడే వచ్చేది. అత్త సరసన సమానంగా కూచోవడం వాళ్ళ ఇళ్ళల్లో లేదు. కూచోమ్మా, కూచున్నా అదే టికెట్టు అని నేను ఎన్నోసార్లు చెప్పాను. "పర్వాల్యాదన్నా" అనేది ఆ పిల్ల, అత్త వైపు చూస్తూ.

క్లాసులో ఇద్దరూ చెరో మూల కూచునేవాళ్ళు. ఒకరితో ఒకరు మాట్లాడరు. ఇంటిపేరు ఒకటే అయినా ఆ ఊళ్ళో సగం మందిది అదే ఇంటిపేరు. వాళ్ళిద్దరూ అత్తాకోడళ్ళని మా ఆవిడకు తెలియదు. నాకు తెలుసు. ఆమెకు తెలియదన్న సంగతి నాకు తెలియదు.

ఆదిలక్ష్మికి లెక్కలు బాగా వచ్చు. కానీ లేచి నిలబెట్టి అడిగితే నోరు విప్పదు. అత్త ముందర తెలివి చూపిస్తే పొగరు అంటారేమోనని భయం. సుంకమ్మకు లెక్కలు రావు, రాలేదని అడగదు. కోడలు వినేస్తుందని భయం. ఈ ఇద్దరినీ చూసి ఎస్తేరు, పాపం సిగ్గరులు అనుకుంది. అనంతపురంలో ఆమెకిచ్చిన ట్రైనింగులో ఎవరో పెద్దాయన, బాగా వచ్చినవాళ్ళను రానివాళ్ళ పక్కన కూచోబెట్టండి, వాళ్ళకు వాళ్ళే నేర్పుకుంటారు అని చెప్పాడట. ఆ పెద్దాయన ఎప్పుడూ మా రూటు బస్సెక్కి ఉండడు.

ఆ వారం ఎస్తేరు ఆదిలక్ష్మిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సుంకమ్మ పక్కన కూచోబెట్టింది. ఆ పిల్ల బెంచీ అంచున, సగం గాలిలో కూచుంది. తర్వాత సుంకమ్మను పిలిచి బోర్డు మీద లెక్క చేయమంది. సుంకమ్మ చేసింది, తప్పు వచ్చింది. ఎస్తేరు సుద్దముక్క ఆదిలక్ష్మి చేతిలో పెట్టి, సరిగ్గా ఉందా చూసి దిద్దమంది. సరిగ్గానే ఉందంది ఆదిలక్ష్మి. మళ్ళీ చూడండి అంది ఎస్తేరు. "ఆమె ఏం రాసినా సరిగ్గానే ఉంటాది మేడం" అంది ఆ పిల్ల, చెమటలు కక్కుతూ. వాళ్ళను ఎరిగిన ఒకరిద్దరు ముసిముసిగా నవ్వారు. మా ఆవిడ అది సిగ్గు అనుకుంది. పట్టు వదల్లేదు, మూడో తరగతిలో వదిలే అలవాటు లేదు. చివరికి ఆదిలక్ష్మి అత్త రాసిన అంకెను తుడిచి, సరైనది రాసింది. గదిలో అందరూ నవ్వేశారు. తిమ్మరాజయితే మోకాళ్ళ మీద చరుచుకుని నవ్వాడు. సుంకమ్మ చీర కొంగు బిగించుకుని, పుస్తకాల సంచి తీసుకుని, ఎవరి మొహమూ చూడకుండా బయటికి నడిచింది. వెనకాలే ఆదిలక్ష్మి.

తర్వాతి ఆదివారం ఆ స్టేజీలో ఎవరూ ఎక్కలేదు. ఆ పై ఆదివారమూ ఎక్కలేదు. ఎస్తేరు దిగులుగా ఉంటే, నేను మామూలుగా, అత్తాకోడళ్ళకు ఏమన్నా పేచీ వచ్చిందేమోలే అన్నాను. ఏ అత్తాకోడళ్ళు అని అడిగింది. చెప్పాను. ఆమె చేతిలో అట్లకాడ ఉంది. అది నా మీదికి రాలేదు గానీ చాలాసేపు నా వైపే చూస్తూ ఉంది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని అడిగితే, బస్సులో అందరికీ తెలిసిన సంగతి నీకు విడిగా చెప్పాలని నాకెలా తెలుస్తుంది అన్నాను. న్యాయమైన మాటే, కానీ మా ఇంట్లో న్యాయమైన మాటకు ఆ పూట చారు వడ్డించరు.

మరునాడు బడి వదిలాక ఆమె నా బస్సే ఎక్కి ఆ ఊళ్ళో దిగింది. అక్కడ జరిగింది ఆమె చెప్పగా విన్నాను. సుంకమ్మ అరుగు మీద కూచుని చేటలో రాగులు చెరుగుతోంది. మేడం వచ్చిందని లేచి, చాప వేసింది. ఎస్తేరు చాప మీద కూచుని, పొరపాటయింది, క్లాసుకు రండి అంది. తలుపు వెనక ఆదిలక్ష్మి గాజుల చప్పుడు వినిపిస్తోంది.

"తప్పు జేసినందుకు కాదు మేడం," అంది సుంకమ్మ. "తప్పు అందరూ జేస్తారు. కోడలు ముందర జేస్తినే, ఆయమ్మి చేత్తోనే తుడిపిస్తిరే. రేపు పొద్దున పొయ్యికాడ నేను ఒక మాట చెప్తే ఇంక యాడ నిలబడతాది?"

ట్రైనింగులో ఇది చెప్పలేదు. అంతలో పక్కింటి సరస్వతమ్మ వచ్చింది. ఆమె సుంకమ్మకు వదిన, మొగుడి అక్క. వచ్చీ రాగానే, టెన్తు క్లాసు పిల్ల రాగులు చెరుగుతోందేమిటి, హోంవర్కు లేదా, రెండు జడలు వేసి రిబ్బన్లు కట్టమంటావా అని మొదలుపెట్టింది. పంతులమ్మ వెతుక్కుంటూ ఇంటికొచ్చిందంటే ఎన్ని సున్నాలు తెచ్చుకున్నావో అంది. ఎస్తేరు అడ్డుపడబోయింది. సుంకమ్మ మాత్రం పకపకా నవ్వి, గుప్పెడు రాగుల పొట్టు తీసి వదిన మొహం మీద కొట్టి, "నీ మాదిరి వేలిముద్ర ఎయ్యల్యాలే, పో" అంది.

మా ఆవిడ చూస్తూ ఉండిపోయింది. అదే ఎగతాళి. క్లాసులో నవ్వితే ఈ మనిషి రెండు వారాలు బడి గడప తొక్కలేదు. ఇక్కడ వదిన అంతకు పదింతలు అంటే నవ్వుతోంది. మన వరసల్లో అదే కదా ఉంది. అత్త ముందు నవ్వకూడదు, అల్లుడి ముందు మాట తూలకూడదు, మామ ముందు నిలబడకూడదు. వదిన మరదలిని ఎంతైనా అనొచ్చు, మరదలు తిరిగి ఎంతైనా అనొచ్చు. పైగా అనకపోతేనే తప్పు, ఏమి కోపమొచ్చిందో అనుకుంటారు. ఎస్తేరు లేస్తూ, ఇంకొక్క ఆదివారం రమ్మని, నచ్చకపోతే మళ్ళీ పిలవనని సుంకమ్మ దగ్గర మాట తీసుకుంది. తిరుగు బస్సులో నా ముందు సీట్లో కూచుని పెనుకొండ దాకా తనలో తాను నవ్వుకుంటూ వచ్చింది. ఏమని అడిగితే టికెట్లు చూసుకో అంది.

ఆ ఆదివారం నాకు డ్యూటీ లేదు. క్యారియరు ఇచ్చే నెపం పెట్టుకుని బడికి వెళ్ళి కిటికీ పక్కన నిలబడ్డాను. సుంకమ్మ, ఆదిలక్ష్మి వచ్చారు, చెరో మూల కూచున్నారు. ఎస్తేరు లోపలికి వచ్చి, చేతులు కట్టుకోమనకుండా, అండి అనకుండా, మామూలు మనిషిలా మాట్లాడింది.

"ఈ గడప లోపల అత్త ల్యాదు, కోడలు ల్యాదు, అటెండరు ల్యాదు, టీచరు ల్యాదు," అంది. "ఆడోళ్ళమంతా ఒకరికొకరం వదినలం. నేనూ అంతే. ఎవరు తప్పు చేసినా వదినను అన్నట్టే అనల్ల, పడినోళ్ళు వదినకు చెప్పినట్టే తిరిగి చెప్పల్ల. గడప దాటినాక ఎవరి వరస వాళ్ళది."

గదిలో గుసగుసలు మొదలయ్యాయి. బషీరా లేచి, మాలో భాభీ అంటాం, అది చెల్లుతుందా అని అడిగింది. చెల్లుతుందంది ఎస్తేరు. తిమ్మరాజు గొంతు సవరించుకుని, మరి తన మాటేమిటని అడిగాడు. వదినలు ఇంతమంది ఉంటే వాళ్ళకు తానేమవుతాడో ఆయన అప్పటికే మనసులో లెక్క వేసుకున్నట్టుంది. నువ్వు అందరికీ అన్నవి అని ఎస్తేరు తేల్చేసింది. ఆయన ఆ రోజంతా ముభావంగా ఉన్నాడు. సుంకమ్మ మాత్రం, కోడలి నోట వదినా అనిపించుకుంటే ఊళ్ళో తలెత్తుకోలేనని గొణిగింది. ఊరు ఇక్కడికి రాలేదు కదా అంది బషీరా.

ఎస్తేరు బోర్డు మీద లెక్క వేసి సుంకమ్మను పిలిచింది. సుంకమ్మ రాస్తూ పోయింది. నడుమలో ఒక మైనస్ గుర్తు వదిలేసింది. అందరికీ కనిపించింది. అందరూ తలలు పుస్తకాల్లోకి దించుకున్నారు. ఎస్తేరు కిటికీలోంచి నా వైపు చూసింది, నేను క్యారియరు వైపు చూశాను. అప్పుడు వెనక మూల నుంచి, తల వంచుకుని, సన్నటి గొంతుతో ఆదిలక్ష్మి అంది.

"వదినా, ఆడ మైనస్ ఉండల్ల కదా. యాడికి పాయ?"

సుంకమ్మ చెయ్యి బోర్డు మీద ఆగిపోయింది. మెల్లగా వెనక్కి తిరిగింది. ఆదిలక్ష్మి మొహం తెల్లబడింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"నీ మొగుడెత్తుకపోయినాడేమో, పోయి అడుగు వదినా," అంది సుంకమ్మ.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ఆ మొగుడు ఈమె కొడుకే కదా. అది తట్టగానే గదంతా పగలబడి నవ్వింది. బషీరా బెంచీ మీద తల పెట్టుకుని నవ్వింది, ముభావంగా ఉన్న తిమ్మరాజు కూడా నవ్వాడు, ఆదిలక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుంది. సుంకమ్మ తన మాటకు తానే నవ్వుతూ, తిరిగి, మైనస్ గుర్తు పెద్దగా, గడ్డపారంత పెట్టింది.

ఆ తర్వాత ఆ గదిలో చదువు ఎంత జరిగిందో, వెక్కిరింపులు ఎంత జరిగాయో చెప్పడం కష్టం. తప్పు చేయడానికి ఎవరూ భయపడలేదు, తప్పు పట్టుకోవడానికి మాత్రం పోటీ పడ్డారు. పట్టుకోవాలంటే బోర్డు కనిపించాలి, అందుకని ముందు బెంచీలకు వచ్చారు. మా ఆవిడ ఎంత అరిచినా జరగని జనం వదినను వెక్కిరించడానికి జరిగారు. నా బస్సుకు కూడా ఇలాంటిదేదన్నా కనిపెట్టమని అడిగాను గానీ ఆమె పట్టించుకోలేదు.

ఒకటి మాత్రం చెప్పాలి. ఒకరినొకరు వదినా అన్నారే గానీ మా ఆవిడను ఎవరూ ఆ మాట అనలేదు. ఆమెను మేడం అనే అన్నారు. ఆమె కూడా పైకి ఏమీ అనలేదు. ఇంటికి వచ్చాక, ఇవాళ్టికి వదినవి అయ్యావా అని నేను ఎగతాళిగా అడిగితే, కూర తరుగుతూ ఇంకా కాలేదంది. ఆ గొంతు విని నేను ఇంకోసారి అలా అడగకుండా ఉండాల్సింది, కానీ నాకు ఎగతాళి ఆపడం రాదు, ప్రతి ఆదివారం అడిగేవాణ్ణి.

గడప దాటగానే అత్తాకోడళ్ళు మళ్ళీ అత్తాకోడళ్ళే. బస్సులో అత్త కూచునేది, కోడలు నిలబడేది. కానీ నాలుక మన మాట వినదు కదా. ఒకసారి ధర్మవరం ట్రిప్పులో శ్రీనివాసులు ఎక్కి, టికెట్టు తీసుకుని కూడా నా పక్కనుంచి కదల్లేదు. ఏమప్పా అంటే గోడు వెళ్ళబోసుకున్నాడు. సెలవు మీద ఇంటికి పోతే, పొయ్యి దగ్గర తన పెళ్ళాం తన అమ్మను "వదినా, ఉప్పు అందీ" అందట. అమ్మ అందించిందట. "మా అమ్మ దానికి వదినయితే నేనేమయితానన్నా? మేనల్లుడినే కదా? మీ ఇంటామె మా వరసలన్నీ కలిపేసింది" అన్నాడు. క్లాసు అయిపోయేదాకా పెళ్ళాన్ని అత్తా అని పిలవమని సలహా ఇచ్చాను. ధర్మవరం వచ్చేదాకా నాతో మాట్లాడలేదు.

పరీక్షలు జరిగాయి. ఫలితాలు వచ్చాయి. తిమ్మరాజు పాసయ్యాడు, బషీరా పాసయింది, ఆదిలక్ష్మి లెక్కల్లో మంచి మార్కులతో పాసయింది. సుంకమ్మ అన్నీ పాసయి లెక్కల్లో పోయింది. అప్పటికే అంగన్‌వాడీ టీచరు ధర్మవరం వెళ్ళిపోయింది, కుర్చీ ఖాళీగా ఉంది. పోస్టు కొన్నాళ్ళు ఆపుతారని, ఆ తర్వాత బయటి ఊరి నుంచి ఎవరినో వేస్తారని చెప్పుకున్నారు. ఎస్తేరుకు అన్నం సహించలేదు. ఫెయిలయినందుకు కాదు, కోడలు పాసయి అత్త ఫెయిలయినందుకు. ఈసారి సుంకమ్మ క్లాసు గడప తొక్కదని నేనూ అనుకున్నాను.

తప్పినవాళ్ళకు క్లాసులు మళ్ళీ మొదలైన ఆదివారం నా బస్సు ఆ స్టేజీలో ఆగింది. ముందు సుంకమ్మ ఎక్కింది, వెనకాలే ఆదిలక్ష్మి. పాసయిన పిల్ల ఎందుకొస్తోందని అడిగితే, "తోడుకు అన్నా" అంది. క్లాసులో సుంకమ్మ నేరుగా ముందు బెంచీలో కూచుని, కోడలిని పక్కన కూచోమని, ఎస్తేరు అడగకముందే చెప్పిందట.

"లెక్కల్లో పోతినే వదినా అని ఇంట్లో దీనితో అనలేకపోయినా మేడం. అత్తను కదా, యాడ అనేది? నాలుగు దినాలు నోరు కట్టుకోని ఉంటి. ఈడికొచ్చి అంటాండా." తర్వాత కోడలి వైపు తిరిగి, "పోతి వదినా" అంది.

"పోతే పోనీలే వదినా, మళ్ళా రాస్తాం" అంది ఆదిలక్ష్మి. అత్త చేతిలోని పుస్తకం లాక్కుని లెక్క వేయడం మొదలుపెట్టింది.

మళ్ళీ రాసినప్పుడు సుంకమ్మ పాసయింది. గొప్ప మార్కులేం కావు, గట్టున పడింది. ఆర్డరు రావడానికి ఇంకొన్ని నెలలు తిప్పారు, వచ్చింది. ఆ ఇటుక కాలి కుర్చీలో ఇప్పుడు ఆమె కూచుంటోంది.

ఆర్డరు కాగితం తీసుకున్న రోజు సాయంత్రం హిందూపురం బస్టాండులో నా బస్సు కిక్కిరిసి ఉంది. సంత రోజు, సగం మంది ఆ ఊరివాళ్ళే. సుంకమ్మ ముందే కిటికీలోంచి సంచి విసిరి రెండు సీట్లు పట్టింది. ఒకదాంట్లో తను, రెండోదాంట్లో సంచి, పక్కన ఆదిలక్ష్మి నిలబడి ఉంది. అంతలో మా ఆవిడ ఏదో పని మీద హిందూపురం వచ్చినది చివర్లో ఎక్కింది. సీటు లేదు. కమ్మీ పట్టుకుని నిలబడింది. కండక్టరు పెళ్ళానికి కూడా నేను సీటు ఇప్పించలేను, అదీ నా ఉద్యోగం.

"వదినా, ఇట్ల రా," అని సుంకమ్మ కేక వేసింది.

క్లాసు వదినల సంగతి అప్పటికే పాకిపోయింది, బస్సులో ఉన్న ఊరంతా ఆదిలక్ష్మి వైపు చూసింది. ఆదిలక్ష్మి కూడా ఉలిక్కిపడి ఒక అడుగు వేసింది. సుంకమ్మ తల అడ్డంగా ఊపి, చేయి చాచి, జనం నడుమ నుంచి మా ఆవిడ చేయి పట్టుకుంది. సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, ఆ సీట్లో ఎస్తేరును కూచోబెట్టింది. ఎస్తేరు ఆదిలక్ష్మిని కూచోమంటే, "ఇది క్లాసు కాదు కదా మేడం" అని ఆ పిల్ల నవ్వుతూ అక్కడే నిలబడింది.

నేను వెళ్ళి, ఈమెకు టికెట్టు అక్కర్లేదు, పాసుంది అన్నాను. పాసు నువ్వే ఇంట్లో పెట్టుకో, మా వదినకు నేను తీస్తా అని సుంకమ్మ డబ్బులు నా చేతిలో కుక్కింది. టికెట్టు కొట్టి ఇచ్చాను. సోమందేపల్లి దగ్గర ఎస్తేరుకు పొలమారింది. సుంకమ్మ సంచిలోంచి నీళ్ళ సీసా తీసి, తను ఒక గుక్క తాగి, ఆమెకిచ్చింది. మా ఆవిడ అలవాటు ప్రకారం సీసా పైకెత్తి, పెదవులకు తగలకుండా పోసుకోబోయింది. బస్సు కుదుపుకు నీళ్ళు మెడ మీద పడ్డాయి.

"ఎత్తి తాగితే మీద పోసుకుంటావు," అంది సుంకమ్మ. "కరచుకోని తాగు వదినా."

ఎస్తేరు సీసా పెదవులకు కరచుకుని తాగింది. సుంకమ్మ సీసా తీసుకుని, తుడవకుండా, మిగిలిన నీళ్ళు తను అలాగే తాగేసి మూత పెట్టింది. ముందు సీట్ల ముసలాళ్ళు చూశారు, చూసి కిటికీ వైపు తిరిగారు. ఆమె వాళ్ళను పట్టించుకోకుండా రాగుల ధర గురించి మాట్లాడుతూ పోయింది. మా ఆవిడ ఊ కొడుతూ, వాళ్ళు తమ స్టేజీలో దిగిపోయాక కూడా, పెనుకొండ వచ్చేదాకా ఆ టికెట్టును వేళ్ళ మధ్య మడుస్తూ విప్పుతూ ఉంది.

ఆ రాత్రి ఇంటికి వెళ్ళాక, ఇవాళ్టికి వదినవి అయ్యావా అని నేను అడగలేదు.